వదులు అన్నాను, వదిలాడు

మా అన్నయ్యను నడిరోడ్డు మీద ఒక ఆటో అతను చెంప మీద కొట్టాడు. డెబ్బై అయిదేళ్ళ మనిషి, హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ సంగతి తను నాకు చెప్పలేదు. శనివారం మధ్యాహ్నం ఆయన కారు ఫస్టు గేరులో మూలుగుతూ వచ్చి, హ్యాండ్ బ్రేకు మీద మా గేటుకు మూరెడు దూరంలో ఆగింది. దిగి, "బ్రేకు పడటం లేదురా" అన్నాడు. అంతే. చెంప మీద నాలుగు వేళ్ళూ అచ్చు గుద్దినట్టు కనబడుతున్నాయి.

చెప్పింది వదిన. వాళ్ళుండేది హనుమాన్ జంక్షన్‌లో. వదినకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసి ఏడాదిన్నర అయింది. మంగళ, గురు, శనివారాల్లో విజయవాడ వచ్చి నాలుగు గంటలు డయాలసిస్ మిషను మీద పడుకోవాలి. తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడకు వాంతులు. ఎవరి బండిలో ఎక్కినా ఆ డ్రైవరు మొహం చూడలేకపోతున్నానంటే, అన్నయ్య ఈ పాత కారు కొన్నాడు. కొనేముందు నన్ను అడగలేదు. మా ఇల్లు ఆటోనగర్ వెనక వీధిలో, నేను ముప్పై ఏళ్ళు అక్కడ షెడ్డు నడిపినవాడిని, అయినా అడగలేదు. ఆ కారు అంతకుముందు ఎవరో రొయ్యల వ్యాపారిది. వెనక సీట్లు పీకేసి రొయ్యల పెట్టెలు మోశాడు. ఆ పెట్టెల్లోంచి కారిన ఉప్పునీళ్ళు అడుగు రేకుని తిని, రేకు కింద పోయే బ్రేకు పైపుని తిన్నాయి. "కారులో రొయ్యల వాసన వస్తోందండీ" అని వదిన మొదటి రోజే చెప్పిందట. "కడిగితే పోతుంది" అన్నాడట పండితుడు.

ఆ శనివారం మిషను మీద నుంచి దిగి, తిరిగి వెళ్తుంటే రింగు రోడ్డు దగ్గర పైపు చిరిగింది. ఉన్న బ్రేకు ఆయిల్ మొత్తం రోడ్డు పాలైంది. పెడల్ తొక్కితే చెరువు బురదలో కాలు దిగినట్టు దిగిపోయింది. కారు వెళ్ళి ముందున్న ఆటోని గుద్దింది.

"వాడు దిగొచ్చి ముసలాయనని కూడా చూడకుండా కొట్టాడు" అంది వదిన. "ఈయనేమో 'బ్రేకు పడలేదు నాయనా' అని వాడికి నిదానంగా చెబుతున్నారు. పాఠం అర్థం కాని పిల్లాడికి చెప్పినట్టు. వాడు ఇంకోటి కొట్టబోయాడు. నేను అడ్డం వెళ్ళాను."

అడ్డం పెట్టింది ఎడమ చెయ్యి. మిషను సూదులు గుచ్చే చెయ్యి. దాని మీద దెబ్బ పడి నరం చిట్లితే రక్తం ఆపడం ఎవరి వల్లా కాదు. చక్రాలు విప్పే స్పానర్ తీసుకుని రోడ్డెక్కాను. వెనక సొట్ట పడిన ఆటో కోసం గంటసేపు వెతికాను. విజయవాడలో వెనక సొట్ట లేని ఆటో ఏదండీ. ఒకడి కాలర్ పట్టుకున్నాను. అతను, "నేనిప్పుడే గవర్నర్‌పేట నుంచి వస్తున్నానండీ, కావాలంటే ఎక్కినాయన్ని అడగండి" అన్నాడు. వెనక కూర్చున్న ఆయన బట్టల మూటని కడుపుకి అదుముకుని తల ఊపాడు. వదిలేసి వచ్చాను.

వచ్చేసరికి వదిన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "నేనిక ఆ కారెక్కను" అంది. "ఏ కారూ ఎక్కను. మిషనూ వద్దు, ఏమీ వద్దు. నన్ను బతికించడానికి ఈయన రోడ్డు మీద తన్నులు తినక్కర్లేదు."

అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మంగళవారం మిషను తప్పితే శుక్రవారానికి ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. ఒకసారి వచ్చింది కూడా. ముగ్గురికీ తెలుసు. ఆవిడ మాట అంటే వెనక్కి తీసుకునే మనిషి కాదు. మంగళవారం లోపల ఆ కారుకి బ్రేకు రావాలి, వచ్చిందని వదినకు నమ్మకం కలగాలి. నాకు కనబడిన దారి అదొక్కటే.

షాపులు మూసేలోగా వెళ్ళి కొత్త పైపూ, అరలీటరు బ్రేకు ఆయిల్ డబ్బాలు మూడూ తెచ్చాను. ఆదివారం ఆటోనగర్ తెరవదు కాబట్టి ఉన్నవి ఆ మూడే.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న కొల్లేటి చేపల వ్యాపారం చేసేవాడు. ఇద్దరు కొడుకుల్లో ఒకడికే చదువు అన్నాడు, అన్నయ్యని బడికి పంపాడు, నన్ను చేపల లారీ ఎక్కించాడు. నేనూ బడికి వెళ్తానని ఏడిస్తే పడవ తోసే గెడతో వీపు మీద కొట్టాడు. అక్షరాలు లారీల వెనక రాతలు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు స్పేరుపార్టుల అట్టపెట్టెల మీద నేర్చుకున్నాను. గవర్నర్‌పేట ఫుట్‌పాత్ మీద ఒక పాత రిపేరు పుస్తకం కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండేళ్ళు చదివాను. ఎందుకంటే నాకు పని నేర్పిన మేస్త్రీని ఒకసారి అడిగాను: బ్రేకులో గాలి తీసేటప్పుడు వెనక ఎడమ చక్రమే ముందు ఎందుకండీ అని. జవాబుగా సుత్తితో వేళ్ళ కణుపుల మీద కొట్టాడు. పుస్తకంలో జవాబు ఒక్క ముక్క. ఆయిల్ పంపే సిలిండరుకి ఆ చక్రం అన్నిటికంటే దూరం, దూరం దారిలో గాలి ముందు పోవాలి. ఈ ముక్క చెప్పడానికి ఆ మేస్త్రీకి నోరు రాక సుత్తి ఎత్తాడు. తెలియని ప్రతివాడూ ఇంతే, చెయ్యెత్తుతాడు. తర్వాత నాకు షెడ్డు వచ్చింది. నేనూ ఎత్తాను. తెలిసీ ఎత్తాను.

ఆదివారం పొద్దున్నే కొత్త పైపు వంచి, బిగించాను. ముందు బాగానే నడిచింది. ఎండిపోయిన బ్రేకుకి ఆయిల్ పోయగానే పని అయిపోదు. పైపుల నిండా గాలే ఉంటుంది. ఆయిల్ నొక్కితే నొక్కుడు పడదు, చక్రాన్ని పట్టుకుంటుంది. గాలి నొక్కితే నొక్కుకుపోతుంది, చక్రానికి ఏమీ తెలియదు. అందుకని ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. రెండోవారు చక్రం దగ్గర గాలి పోవడానికి ఉండే చిన్న మరని, అంటే నిపుల్‌ని స్పానర్‌తో తిప్పితే, గాలీ ఆయిలూ చిమ్ముతాయి. వెంటనే నిపుల్ బిగించాలి. అప్పుడే, అప్పుడు మాత్రమే, పెడల్ మీద కాలు తీయాలి. నిపుల్ తెరిచి ఉండగా కాలు తీస్తే పోయిన గాలిని బ్రేకు మళ్ళీ పీల్చుకుంటుంది.

అన్నయ్య సీట్లో కూర్చున్నాడు. నేను వెనక ఎడమ చక్రం కింద పడుకున్నాను. అక్కడి నుంచి నాకు ఆయన కనబడడు, ఆయనకి నేను కనబడను. మధ్యలో ఉన్నవి మాటలే.

"తొక్కు" అన్నాను. "పట్టు." నిపుల్ తిప్పి, "వదులు." చిమ్మింది. "బిగువు." అంటే బిగించాను, ఇక కాలు తియ్యొచ్చని.

షెడ్డులో ముప్పై ఏళ్ళు ఇవే మాటలు. గంట గడిచింది. ఒక డబ్బా అయిపోయింది. పెడల్ ఇంకా బురదే. పైపు కీళ్ళు మళ్ళీ బిగించాను. సిలిండరు చూశాను. ఎక్కడా చుక్క కారడం లేదు. రెండో డబ్బా తెరిచాను. ఎండ కారు మీదికి వచ్చింది. వీపు కింద సిమెంటు కాలుతోంది. చిమ్మిన ఆయిల్‌లో ప్రతిసారీ బుడగలు, సోడా కొట్టినట్టు. ఎక్కడి నుంచి వస్తోంది ఈ గాలి అని నాలో నేను బూతులు తిట్టుకున్నాను. తర్వాత పైకే తిట్టాను.

"ఏం తొక్కుతున్నావన్నయ్యా, కాలా అది, కర్రా?"

"నువ్వన్నట్టే చేస్తున్నా."

"నేనన్నట్టే చేస్తే ఈపాటికి రాయిలా ఉండాలి. బళ్ళో పిల్లలకీ ఇట్టాగే చెప్పావా?"

"బళ్ళో పిల్లలు కారు కింద పడుకుని నీలా మొరగలేదు."

మూడో డబ్బా తెరిచాను. సగం పోయింది.

"నాన్న నిన్ను చదివించాడు. నన్ను చేపల నీళ్ళలో పడేశాడు. అంత చదివినోడివి, నాలుగు మాటలు అర్థం కావా? తొక్కు, పట్టు, వదులు, బిగువు."

అన్నయ్య కారులోంచి నెమ్మదిగా అడిగాడు. "వదులంటే?"

"వదులంటే వదులే."

"వదలమనా, వదులైందనా?"

"నేను నిపుల్ వదులు చేశానని. ఇంకేముంది?"

"నువ్వు వదులు అన్నావు. నేను కాలు వదిలాను. పొద్దుట్నుంచీ అదే చేస్తున్నా."

అప్పుడు అర్థమైంది. రెండున్నర డబ్బాల ఆయిలూ, ఒక పూటా ఎక్కడికి పోయాయో అర్థమైంది. షెడ్డులో నా దగ్గర పనిచేసిన వాళ్ళెవరూ ఆ మాట తప్పుగా వినలేదు, ఎందుకంటే మొదటిసారి తప్పుగా విన్నప్పుడే నా చేతి దెబ్బ తిన్నారు. మాట సరిగ్గా లేదని నాకు వాళ్ళెవరూ చెప్పలేదు. చెప్పనిచ్చానా. తప్పు నాది అని తెలిసిన క్షణంలోనే స్పానర్ నా చేతిలోంచి వెళ్ళిపోయింది. కారు కింద అటువైపుకి దూసుకుపోయి, తెరిచి ఉన్న తలుపులోంచి నేల మీద పెట్టిన అన్నయ్య కాలి చీలమండ ఎముక మీద తగిలింది. ఎముకకి ఇనుము తగిలిన చప్పుడు నాకు వినబడింది.

ఆయన దిగాడు. కుంటుతూ చుట్టూ తిరిగి వచ్చాడు. నేను కారు కిందినుంచి సగం బయటికి వచ్చాను. ఆయన ఆయిల్ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. పక్కకి పెడతాడనుకున్నాను. మొహాన కొట్టాడు. డబ్బాలోది కళ్ళల్లో పడింది. మిరపకారం కాదు, నిప్పు. గుడ్డిగా ఆయన పంచె పట్టుకుని లాగాను, ఇద్దరం కింద పడ్డాం. మూతి మీద గుద్దాడు. పన్ను ఒకటి కదిలింది. ఆయన గుద్దగలడని డెబ్బై ఒక్క ఏళ్ళలో నాకు తెలియదు. నేను మోకాలితో కడుపులో పొడిచాను. ఆయన నా జుట్టు పట్టుకుని తలని టైరుకేసి కొట్టాడు.

"చదివినోడివి, చదివినోడివి" అన్నాడు ఒక్కో దెబ్బకీ. "అరవై ఏళ్ళుగా నన్ను ఈ మాటతోనే కొడుతున్నావురా. నీకు గెడ దెబ్బ ఒక్కసారి. పద్యం తప్పిన ప్రతి రాత్రీ నాకు అదే గెడ. నువ్వు లారీ మీద ఉన్నావు, నీకేం తెలుసు?"

ఆ మాట నాకు తెలియదు. తెలియని మాటకి నేనేం చేస్తాను, ఆయన మెడ పట్టుకున్నాను. నా చేతికి ఆయన గొంతు గుటక వేయడం తెలిసింది. ఎదురింటి కిటికీలోంచి ఎవరో, "అంకుల్, పోలీసులకి ఫోన్ చేయమంటారా?" అని అడుగుతున్నారు.

బకెట్టు నీళ్ళు ఇద్దరి మీదా ఒక్కసారే పడ్డాయి. రెండో బకెట్టు నా మొహం మీదే. మూడోది కూడా. వదిన. బ్రేకు ఆయిల్ కంట్లో పడితే నీళ్ళే మందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తర్వాత చూస్తే, బకెట్టు ఎత్తడానికి ముందే డబ్బా లేపి నిలబెట్టి, మూత బిగించి, ఎత్తు మీద పెట్టింది. అడుగున గ్లాసెడు మిగిలింది.

"దేనికి?" అంది.

అన్నయ్య నోట్లోంచి ముందు దగ్గు వచ్చింది. తర్వాత వ్యాకరణం వచ్చింది. "వదులు అనేది క్రియ అయితే ఒక అర్థం, విశేషణమైతే ఇంకో అర్థం. వీడు ఏది అన్నాడో..."

"జాకెట్టు వదులైందని టైలరుకి చెబుతాం" అంది వదిన. "అంటే జాకెట్టు అక్కడే వదిలేసి పొమ్మనా? ఒకడికి చెప్పడం రాదు, ఒకడికి అడగడం రాదు. ఇందుకా కొట్టుకుంటున్నారు?"

ఎదురింటి కిటికీలోంచి నవ్వు వినబడింది. మేము నవ్వలేదు. నేను కళ్ళు తెరవలేకపోతున్నాను. వదిన ఒక మెట్టు మీద కూర్చుంది, ఊపిరి అందక. కాసేపటికి, "బుడగ ఉంటే ఏమవుతుంది?" అని అడిగింది.

చెప్పాను. పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను.

"మా మిషను దగ్గర రక్తం పైపులో చిన్న బుడగ వచ్చినా గంట మోగుతుంది. సిస్టర్లు పరిగెత్తుకొస్తారు, వేలితో పైపు మీద కొడతారు. అది లోపలికి పోతే నేను పోతాను. నీ బండికి మోగేది ఏమీ లేదా?"

"లేదు వదినా."

"మరి బుడగ పోయిందని నీకెట్టా తెలుస్తుంది?"

"వేలికి తెలుస్తుంది. చిమ్మేటప్పుడు."

"పొద్దుట్నుంచీ ఏం తెలిసింది?"

నిపుల్‌కి పైపు తొడిగి, కొసని ఆయిల్ ఉన్న సీసాలో ముంచే పద్ధతి ఉంది. అది పని రానివాళ్ళకని నేనెప్పుడూ నవ్వేవాడిని. తాపీమేస్త్రీలు నీటిమట్టం చూసుకునే తెల్లని పైపు ముక్క ఒకటి ఇంట్లో ఉంది. అందులోంచి బుడగ కనబడుతుంది. కానీ నా కళ్ళకి నా చేతులే కనబడటం లేదు.

"మీరు చూడండి" అంది అన్నయ్యతో. "నేను తొక్కుతా."

"నీ కాళ్ళు..." అన్నాడాయన.

"కాళ్ళు వాచాయి, పోలేదు." నా వైపు తిరిగింది. "ఏవయ్యా, ఒకటి అంటే తొక్కి పట్టుకుంటా. రెండు అంటే తీస్తా. మధ్యలో నువ్వు వదులు చేసుకుంటావో బిగించుకుంటావో నీ గొడవ నీది, నాకు చెప్పొద్దు."

వెళ్ళి సీట్లో కూర్చుంది. చక్రం దగ్గర మేమిద్దరం. ఆయన చీలమండ నుంచి రక్తం చెప్పులోకి కారుతోంది. నా పై పెదవి వాచి ముక్కు దాకా లేచింది. ఆయన సీసా పట్టుకుని పైపులోకి చూస్తున్నాడు. నేను స్పానర్ తడుముకుని నిపుల్ మీద పెట్టాను.

"ఒకటి."

"బుడగ ఉంది" అన్నాడు అన్నయ్య. బిగించాను. "రెండు."

"ఒకటి."

"ఉంది. గుత్తులుగా ఉన్నాయి."

అన్నయ్య పెడల్‌ని గుద్దినట్టు తొక్కేవాడు. వదిన నెమ్మదిగా తొక్కింది, బలం లేక. ఆ నెమ్మదే కావాలని తర్వాత తెలిసింది. గుద్దితే గాలి చిన్న బుడగలుగా పగిలి ఆయిల్‌లో కలిసిపోతుంది. ఈ ముక్క నా పుస్తకంలోనూ ఉంది, నెమ్మదిగా తొక్కించవలెనని. చదివి దాటేశాను.

"ఒకటే ఉంది. పెద్దది" అన్నాడు. మళ్ళీ, "లేదు." మళ్ళీ, "లేదురా. గాజులా వస్తోంది."

వెనక కుడి చక్రం, ముందు ఎడమ, ముందు కుడి. ప్రతిచోటా నేను చెయ్యి పెట్టాను, ఆయన చూశాడు. సిలిండరులో ఆయిల్ ఎంతుందో కూడా ఆయనే చూసి పోశాడు. గ్లాసెడులో గుక్కెడు మిగిలింది. నాకు ఆయన మెడ మీద నా వేళ్ళ గుర్తులు మసకగా కనబడటం మొదలైంది.

"ఇది గట్టిపడింది" అంది వదిన సీట్లోంచి. ఇంకోసారి తొక్కింది. "రాయిలా ఉంది." పాదం తీయకుండా కొంతసేపు అలాగే పెట్టుకుని కూర్చుంది. తర్వాత దిగింది.

"అయితే మంగళవారం..." అన్నాడు అన్నయ్య.

"నేను రాను. గట్టిగా ఉంటే సరిపోదు. ఆగాలి."

నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో తెలియలేదు. మా వీధి చివర ఒక గోడౌను గోడ ఉంది, దారి అక్కడితో ఆఖరు. తడి లుంగీతో నడిచి వెళ్ళి గోడకి వీపు ఆనించి నిలబడ్డాను.

"అన్నయ్యా, స్టార్టు చేసి నా మీదికి రా. ఆ కరెంటు స్తంభం దాటాక తొక్కు."

"ఒరే, ఇందాక నీ మూతి పగలగొట్టినవాడిని నేను. నన్ను నమ్ముతావా?"

"నిన్ను కాదు. ఆ పైపు నేను బిగించాను."

ఆయన కుంటుకుంటూ వెళ్ళి ఎక్కాడు. ఇంజను చప్పుడైంది. అద్దం వెనక ఆయన మొహం నాకు సరిగా కనబడలేదు. చెప్పాలంటే ఆ మొహంలో ఏముందో నాకు నమ్మకం లేదు. ఆయన కాలు పెడల్‌ని తొక్కదలచుకోకపోతే ఏ బ్రేకూ లేదు. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి.

వదిన మెట్టు మీద నుంచి లేచింది. ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "ఆగండి" అంది. ఎడమవైపు తలుపు తెరిచి, చీర కుచ్చిళ్ళు లోపలికి సర్దుకుని, ముందు సీట్లో కూర్చుంది.

"ఇద్దరూ ఇంకా కోపంలోనే ఉన్నారు. నేను పక్కనుంటే తొక్కుతారు. ఇక పోనివ్వండి."

కారు కదిలింది. సెకండు గేరు పడటం విన్నాను. వీపుని గోడకి అదిమిపెట్టాను. స్తంభం దాటింది. టైర్లు నాలుగూ ఒక్కసారే అరిచాయి, రబ్బరు కాలిన వాసన, బంపరు నా లుంగీ అంచుని తాకి ఆగింది. కారు ముక్కు కిందికి వంగి మళ్ళీ లేచింది. నాలుగు చక్రాలూ సమానంగా పట్టాయి. పక్కకి వెంట్రుకవాసి లాగలేదు.

అన్నయ్య రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. నావి గోడ మీదే ఉన్నాయి.

వదిన అద్దం దించింది. "మంగళవారం పొద్దున ఆరింటికి మనం బయల్దేరే సరికి ఆ ఆటోవాళ్ళంతా రోడ్డు మీదే ఉంటారు" అంది. తర్వాత అన్నయ్య వైపు తిరిగింది. "వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ రండి. ఈసారి ఇంకాస్త స్పీడుగా."